పాతరల సీమలో నిల్వలేని కర్మాగారం

అహోబిలం కొండల దిగువన ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల పరిసరాల్లో పరచుకున్న మెట్టభూముల రైతులు తరతరాలుగా తమ ధాన్యాన్ని నేలలోనే దాచుకునేవారు. ఊరిలో మెరకగా ఉండి నీటి ఊట తగలని చోటు చూసి, మనిషి లోతుకు మించి గొయ్యి తవ్వి, అడుగునా గోడల వెంబడీ ఎండుగడ్డినీ చొప్పనూ దట్టంగా పేర్చి, బాగా ఎండిన జొన్నలను అందులో నింపి, పైన మళ్లీ గడ్డి కప్పి మూతిని మట్టితో మెత్తేస్తే అది పాతర అయ్యేది. లోపలి గింజలే క్రమంగా ప్రాణవాయువును పీల్చుకోవడంతో పురుగుకు బతికే వీలుండదు, అందువల్ల జొన్న ఏళ్ల తరబడి చెడకుండా నిలిచేది. ఆ గుణంలోనే ప్రమాదమూ ఉండేది: మూత తీసీ తీయగానే దిగినవాడికి ఊపిరాడక ప్రాణం పోవచ్చు గనుక, చాలాసేపు గాలి ఆడనిచ్చి, దీపం దించి చూసి, అది ఆరిపోకుండా వెలుగుతుంటేనే మనిషి లోనికి దిగేవాడు.

ఇంత శ్రమకు కారణం వాన. పెనుకొండ, అనంతపురం వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వర్షం ఏ నెలలో కురుస్తుందో, అసలు కురుస్తుందో లేదో చెప్పలేని నేలలో, ఒక పంటకూ మరో పంటకూ మధ్య ఎంత ఎడం వస్తుందో ఎవరికీ తెలియదు. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతాలను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. అంతకు పదేళ్ల ముందు, 1866 నాటి కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యం పెట్టి వేలమందికి అన్నం పెట్టించి, గంజి పోయించారు. విక్టోరియా రాణి పేరుతో ఆయనకు బంగారు పతకం వచ్చిన సంగతి ఈ ప్రాంతం నేటికీ చెప్పుకుంటుంది. దానం చేసేందుకైనా ముందు గింజ ఉండాలి. నిల్వ ఉన్నవాడే తెలివైనవాడనీ, ఏ పూటకాపూట తెచ్చుకునేవాడు కరువుకు మొదటి బలి అవుతాడనీ రాయలసీమ అనుభవం నేర్పింది.

ఈ అనుభవానికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఒక సిద్ధాంతం మీద నడిచే కర్మాగారం, అహోబిలానికి నైరుతిగా సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి పక్కన ఉంది. దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, అప్పటి అనంతపురం జిల్లాలో, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో, పెనుకొండ దగ్గర 536 ఎకరాల్లో సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో దాన్ని కట్టింది. 2019 ఆగస్టులో సెల్టోస్ అనే కారు అక్కడి నుంచి మార్కెట్లోకి వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో దాన్ని నిర్మించారు. వేల భాగాలతో తయారయ్యే కారును ఇంత వేగంగా చేసే చోట భాగాల గుట్టలు ఆకాశాన్నంటాలని ఎవరైనా ఊహిస్తారు, కాని ఇటువంటి కర్మాగారాల లక్ష్యం ఆ గుట్టలను వీలైనంత లేకుండా చేసుకోవడమే. కావలసిన వస్తువు, కావలసినంతే, కావలసిన వేళకే పనివాడి చేతికి అందాలనే ఈ పద్ధతిని జస్ట్ ఇన్ టైమ్ అంటారు. దాన్ని కర్మాగారం మొత్తానికీ, సరఫరాదారుల దాకా విస్తరించి, కొనుగోలుదారుకు విలువ చేకూర్చని ప్రతి పనినీ వృథాగా లెక్కగట్టి తొలగించే ఆలోచనకు లీన్ అని పేరు.

నిల్వ మీద ఇంత పగ ఎందుకో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఏడాదిలో 300 పనిదినాలు అనుకుంటే 3 లక్షల కార్లకు రోజుకు వెయ్యి కార్లు బయటికి రావాలి. రోజుకు ఇరవై గంటలు లైను నడిస్తే 72 సెకన్లకు ఒక కారు. స్టెప్నీతో కలిపి రోజుకు ఐదువేల టైర్లు కావాలి, పది రోజులకు సరిపడా ఉంచుకుంటే యాభై వేల టైర్లకు గోడౌను కట్టాలి. ఒక్కో కారుకు బయటినుంచి కొనే సామాను విలువ ఐదు లక్షల రూపాయలనుకుంటే, పది రోజుల నిల్వ అంటే 500 కోట్ల రూపాయలు కదలకుండా పడి ఉన్నట్టు. తొమ్మిది శాతం వడ్డీకి దాని మీద ఏడాదికి 45 కోట్లు. గోడౌను అద్దె, కాపలా, తుప్పు, విరిగిపోవడం, మోడల్ మారినప్పుడు పనికిరాకుండా మిగిలిపోయే సరుకు దీనికి అదనం. ఈ అంకెలు వివరణ కోసం వేసుకున్నవే, అయితే ఏ కార్ల కంపెనీ లెక్కలు తీసినా వరస ఇదే.

డబ్బు కన్నా లోతైన కారణం మరొకటి ఉంది. జాన్ లిటిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1961లో గణితంగా నిరూపించిన ఒక సూత్రం ప్రకారం, నిలకడగా నడిచే ఏ వ్యవస్థలోనైనా లోపల ఉన్న సరుకును రోజువారీ ప్రవాహంతో భాగిస్తే ఒక్కో వస్తువు సగటున ఎన్ని రోజులు లోపల ఆగుతుందో వస్తుంది. రోజుకు వెయ్యి హెడ్‌లైట్ జతలు వాడే చోట మూడు వేల జతలు ఉంటే ఒక్కో జత మూడు రోజులు పడుకుంటుంది. ఆ మూడు రోజుల్లో సరఫరాదారు దగ్గర అచ్చు కొంచెం వంకర పోయి ఉంటే, ఆ సంగతి బయటపడేసరికి మూడు వేల జతలు పాడై ఉంటాయి. రెండు గంటల సరుకే ఉన్న చోట లోపం రెండు గంటల్లో పట్టుబడుతుంది. నిల్వ తప్పులను కప్పిపెడుతుందనే మాటకు అసలు అర్థం ఇదే.

ఈ ఆలోచన జపాన్‌లో టయోటా సంస్థ దగ్గర రూపు దిద్దుకుంది. కియిచిరో టయోడా 1930లలోనే ఏ భాగమైనా వేళకు అందితే చాలునన్న లక్ష్యం పెట్టుకోగా, యుద్ధానంతరం డబ్బు, స్థలం, సామగ్రి అన్నీ కరవైన పరిస్థితిలో తైచి ఓనో దాన్ని ఆచరణలోకి తెచ్చారు. అమెరికా కర్మాగారాలు ఒకే రకం భాగాన్ని వేల సంఖ్యలో ఒక్కసారి చేసి పేర్చుకునేవి, అందుకు వారి దగ్గర శాస్త్రీయమైన సమర్థనా ఉంది. 1913లో ఫోర్డ్ హారిస్ అనే ఇంజనీరు రూపొందించిన సూత్రం ప్రకారం, యంత్రాన్ని ఒక రకం నుంచి మరో రకానికి మార్చడానికి అయ్యే ఖర్చు ఎక్కువైతే ఒక్కో విడతలో ఎక్కువ సరుకు చేయడమే లాభం. సూత్రంలో తప్పేమీ లేదు. కాని అందులో మార్పిడి ఖర్చును దేవుడిచ్చినట్టు స్థిరమైనదిగా తీసుకున్నారు. ఆ ఖర్చు అంత ఎందుకుండాలని టయోటాలో ప్రశ్నించారు.

కారు తలుపునో బానెట్‌నో రేకు నుంచి అచ్చుగుద్దే ప్రెస్సులో డై అనే బరువైన ఉక్కు అచ్చు ఉంటుంది, తలుపు నుంచి బానెట్‌కు మారాలంటే దాన్ని విప్పి, క్రేనుతో తీసి, కొత్తది బిగించి, సరిచూసుకోవాలి. 1969లో టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకు ఈ పని నాలుగు గంటలు పట్టేది. షిగెయో షింగో అనే ఇంజనీరు, అక్కడి సిబ్బంది కలిసి ముందు దాన్ని తొంభై నిమిషాలకు, ఆ తర్వాత మూడు నిమిషాలకు దించారు. రహస్యం కొత్త యంత్రంలో లేదు. యంత్రం ఆగి ఉన్నప్పుడే చేయక తప్పని పనులేవో, అది నడుస్తుండగానే చేసి పెట్టుకోగలిగేవేవో విడదీసి, రెండో రకం పనులన్నిటినీ ముందే ముగించి, బోల్టులు పూర్తిగా తిప్పి విప్పే అవసరం లేకుండా ఒక్క మలుపుతో పట్టేసే బిగింపులు పెట్టి, కొత్త డైని సరైన ఎత్తులో పక్కనే సిద్ధంగా ఉంచారు. మార్పిడి మూడు నిమిషాలదైతే రోజుకు ఎన్నిసార్లయినా మార్చవచ్చు, గంటకు సరిపడా తలుపులు చేసి ఆపవచ్చు. హారిస్ సూత్రమే ఇప్పుడు చిన్న విడతలే లాభమని చెబుతుంది. జస్ట్ ఇన్ టైమ్ గురించి రాసే పుస్తకాలు కాన్‌బాన్ కార్డులకు ఇచ్చినన్ని పేజీలు ఈ బోల్టులకు ఇవ్వకపోవడం విచిత్రం, ఎందుకంటే అవి లేకపోతే ఆ కార్డులకు పని లేదు.

కాన్‌బాన్ అంటే భాగాల పెట్టెకు తగిలించే చీటీ. లైను మీది పనివాడు పెట్టెలోని భాగాలను వాడడం మొదలుపెట్టగానే చీటీ విడిపడి వెనక్కి, ఆ భాగాలు చేసే చోటికి వెళుతుంది. చీటీ వస్తేనే అక్కడ అన్ని భాగాలు చేస్తారు, రాకపోతే చేతులు కట్టుకుని ఆగుతారు. దుకాణంలో అర ఖాళీ అయిన మేరకే సరుకు నింపే అమెరికా సూపర్ మార్కెట్ల తీరు ఓనోకు ఈ ఊహ ఇచ్చింది. పై ఆఫీసు వేసిన అంచనా ప్రకారం సరుకును ముందుకు నెట్టడానికి బదులు వాడకమే వెనకనుంచి సరుకును లాగుతుంది. చలామణిలో ఎన్ని చీటీలుంటే అంతకు మించి నిల్వ పెరగదు, కాబట్టి నిల్వను తగ్గించాలనుకున్న మేనేజరు ఒక చీటీ తీసేస్తే సరిపోతుంది. వృథాలను ఓనో ఏడుగా గుర్తించారు: అవసరానికి మించి చేయడం, ఎదురుచూపు, అక్కరలేని రవాణా, అక్కరలేని పని, నిల్వ, అనవసరపు కదలికలు, లోపమున్న వస్తువులు. వాటిలో అవసరానికి మించి చేయడమే అన్నిటికీ తల్లి అని ఆయన అభిప్రాయం, ఎందుకంటే తక్కినవి దాని కడుపున పుట్టినవే.

ఈ పద్ధతికి లీన్ అన్న పేరు 1988లో జాన్ క్రాఫ్‌సిక్ అనే పరిశోధకుడు రాసిన వ్యాసంతో వచ్చి, 1990లో వోమాక్, జోన్స్, రూస్ రచించిన గ్రంథంతో ప్రపంచమంతా పాకింది. ఆ క్రాఫ్‌సిక్ తర్వాతి కాలంలో హ్యుందాయ్ అమెరికా విభాగానికి అధిపతి కావడం, ఆ హ్యుందాయ్ బృందంలోదే కియా కావడం యాదృచ్ఛికమే అయినా గమనించదగ్గది. అయితే కొరియా దారి జపాన్ దారికి నకలు కాదు. పనివాళ్ల చిన్న చిన్న సూచనలతో రోజురోజుకూ మెరుగుపడడం మీద టయోటా ఎక్కువగా ఆధారపడితే, హ్యుందాయ్ బృందం ఇంజనీర్ల ప్రణాళికకూ మాడ్యూళ్లకూ పెద్దపీట వేసింది. మాడ్యూల్ అంటే అనేక భాగాలను ముందే కూర్చి ఒకే ముద్దగా లైనుకు పంపే అమరిక. డ్యాష్‌బోర్డు, స్టీరింగు కాలమ్, ఏసీ పెట్టె, వైర్ల కట్ట, ఇవన్నీ కలిపితే కాక్‌పిట్ మాడ్యూల్ అవుతుంది. ఇటువంటి మాడ్యూళ్లు చేసే మోబిస్ అనే బృంద సంస్థ పెనుకొండ ప్రాంతంలోనే తన యూనిట్ పెట్టుకుంది.

దగ్గరుండడం ఎందుకంత ముఖ్యమో ఆ మాడ్యూల్ ప్రయాణాన్ని చూస్తే బోధపడుతుంది. రంగు వేసిన కారు బాడీ పెయింట్ షాపు దాటి ఫైనల్ అసెంబ్లీ లైను ఎక్కగానే ఆ కారు ఏ మోడలో, పెట్రోలో డీజిలో, గేరు ఏ రకమో తెలిపే సమాచారం మాడ్యూల్ చేసే చోటికి కంప్యూటరులో వెళుతుంది. ఆ బాడీ లైను మీద డ్యాష్‌బోర్డు బిగించే స్థానానికి చేరేలోగా, అంటే కొద్ది గంటల్లోనే, సరిగ్గా ఆ కారుకు తగిన కాక్‌పిట్ తయారై లారీ ఎక్కి వచ్చి, ముందు వెనక కార్ల వరసలోనే దిగాలి. నల్ల సీట్ల కారు తర్వాత గోధుమరంగు సీట్ల కారు వస్తుంటే లారీలోనూ అదే వరస ఉండాలి. వేళకు రావడమే కాక వరసలో రావడమన్నమాట. ఇందులో ఒక్కటి తారుమారైతే 72 సెకన్లకు ఒక కారు లెక్కలో ఎంత నష్టమో చెప్పనక్కరలేదు. చెన్నై నుంచి వచ్చే సరుకును ఘాట్లు, టోల్‌గేట్లు, తుఫాను వానలు దాటించి నిమిషాల లెక్కన దించడం సాధ్యం కాదు. అందుకే పెద్దవీ, రకాలు ఎక్కువగా ఉండేవీ గేటు దగ్గరే తయారవుతాయి, చిన్నవీ, దూరం నుంచి లేదా సముద్రం మీద వచ్చేవీ కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల నిల్వతో వస్తాయి. నిల్వ అసలే లేని కర్మాగారం ప్రపంచంలో ఎక్కడా లేదు.

పెనుకొండకు సంబంధించి దీనికి ఇంకో నిదర్శనం కళ్లెదుటే ఉంది. కార్ల పరిశ్రమకు, ముఖ్యంగా రంగు వేసే విభాగానికి, నీరు చాలా కావాలి. ఆ నీరు శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీ-నీవా పథకం ద్వారా మెట్టుమెట్టుగా ఎత్తిపోసి తెచ్చి నింపే గొల్లపల్లి రిజర్వాయరు నుంచి వస్తుంది. భాగాల నిల్వను గంటల్లో కొలిచే కర్మాగారం నీటి విషయంలో మాత్రం నెలల నిల్వ మీద నిలబడి ఉంది, ఎందుకంటే భాగాల లారీని ఫోను చేసి పిలిపించవచ్చు గాని వానను పిలిపించలేరు. పాతర తవ్విన రైతు తర్కమూ ఇదే. రాక అనిశ్చితమైతే నిల్వ కావాలి, రాక నమ్మకమైనదైతే నిల్వ దండగ. లీన్ పద్ధతి సాధించినదేమిటంటే రోడ్డు, సరఫరాదారు, నాణ్యత, రోజువారీ ఉత్పత్తి ప్రణాళిక, వీటిలోని అనిశ్చితిని ముందుగా ఒక్కొక్కటిగా తగ్గించి, ఆ తగ్గిన మేరకు మాత్రమే నిల్వను తగ్గించడం. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ముందు గోడౌను ఖాళీ చేసి ఆ తర్వాత సరఫరాదారుల మీద అరిచే సంస్థలు లీన్ పేరుతో చేసేది వేరే పని.

అనిశ్చితి ఎప్పటికీ పూర్తిగా పోదని టయోటాకే పదేపదే తెలిసివచ్చింది. 1997 ఫిబ్రవరి 1న బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వును దాదాపు ఒంటరిగా సరఫరా చేసే ఐసిన్ సంస్థ కర్మాగారం కాలిపోయింది. టయోటా దగ్గర కొన్ని గంటలకు సరిపడా వాల్వులే ఉండడంతో జపాన్‌లోని దాని లైన్లలో ఎక్కువ భాగం ఆగిపోయాయి. రెండు వందలకు పైగా సంస్థలు, వాటిలో ఆ వాల్వును ఎన్నడూ చేయనివి కూడా, నక్షాలు పంచుకుని చేయి వేయడంతో సుమారు వారంలో ఉత్పత్తి తిరిగి గాడిన పడింది. 2011 మార్చి నాటి భూకంపం, సునామీ తర్వాత ఏ భాగం ఆగితే మళ్లీ దొరకడం కష్టమో వెతికి, సెమీకండక్టర్ చిప్పులను రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా నిల్వ ఉంచాలని టయోటా తన సరఫరాదారులను కోరింది. జస్ట్ ఇన్ టైమ్ పుట్టినిల్లే పాతర తవ్వుకున్నదన్నమాట. 2021లో ప్రపంచమంతా చిప్పుల కొరతతో లైన్లు ఆపుకుంటుంటే తొలి నెలల్లో టయోటా తక్కిన వారికన్నా నిలదొక్కుకోవడానికి ఈ నిల్వ ముఖ్య కారణం.

నిల్వ తక్కువైతే లెక్క సులువవుతుందన్న నమ్మకం కూడా అన్నివేళలా నిజం కాదు. పెనుకొండ కర్మాగారం నుంచి కొన్నేళ్ల వ్యవధిలో దాదాపు తొమ్మిది వందల ఇంజన్లు కనిపించకుండా పోయాయని 2025 మార్చిలో పోలీసులకు ఫిర్యాదు అందిందని పత్రికలు రాశాయి. పై లెక్క ప్రకారం అది ఒక్క రోజు అవసరం కన్నా తక్కువే, అయినా కంప్యూటరులోని అంకెకూ నేల మీది సరుకుకూ మధ్య తేడాను పట్టుకునేది చివరికి మనిషి చేసే లెక్కింపే.

ఇదంతా వేల కోట్ల పరిశ్రమల సంగతి అనుకుంటే అహోబిలం చుట్టుపక్కల దీనికి పనేమీ లేనట్టే తోస్తుంది. నంద్యాల, కడప జిల్లాల పరిశ్రమల్లో ఎక్కువ భాగం రాయి, సున్నపురాయి మీద ఆధారపడినవి. యర్రగుంట్ల, కొలిమిగుండ్ల వైపు సిమెంటు కర్మాగారాల్లో సుమారు 1,450 డిగ్రీల వేడిలో తిరిగే బట్టీని కొనుగోళ్లు తగ్గినప్పుడల్లా ఆర్పడం కుదరదు గనుక అందులోంచి వచ్చే క్లింకర్ అనే గట్టి ఉండలు పోగుపడవలసిందే. కాని క్లింకరును జిప్సంతో కలిపి పొడి చేశాక, దాన్ని సంచుల్లో నింపే పని మాత్రం సాధారణంగా లారీ వచ్చి నిలిచాకే చేస్తారు, ఎందుకంటే సంచిలోకి వెళ్లిన సిమెంటు తేమకు గడ్డకడుతుంది, ఏ రకం సంచి అమ్ముడవుతుందో ముందుగా తెలియదు కూడా. నిల్వ ఉంచక తప్పనప్పుడు దాన్ని ఇంకా ఏ రూపమూ తీసుకోని దశలో ఉంచి, చివరి రూపాన్ని ఆర్డరు వచ్చేదాకా వాయిదా వేయాలన్న ఈ నియమం లీన్ ఆలోచనలో చాలా విలువైనది, తక్కువగా చెప్పుకునేది.

బేతంచెర్ల నాపరాయి పాలిష్ యూనిట్లకు సరిగ్గా వర్తించేదీ ఇదే. గనిలో ఏ పూట ఏ మందం, ఏ రంగు రాయి దొరుకుతుందో రాయే నిర్ణయిస్తుంది, కాబట్టి ముడి బండల నిల్వ ఉండి తీరాలి. కరెంటు ఉంది కదా, కూలీలు వచ్చారు కదా అని ఆ బండలన్నిటినీ ఒకే కొలతకు కోసి పాలిష్ పట్టి పెట్టుకుంటే, వచ్చిన బేరగాడు వేరే కొలత అడిగినప్పుడు కోసిన బండను తిరిగి అతికించలేరు; యూనిట్ ఆవరణలో ఎండకూ వానకూ పడి ఉన్న బండల వరసల్లో యజమాని డబ్బు ఇరుక్కుని ఉంటుంది. ముడి బండలను మందం, రంగు వారీగా వేరు చేసి నిలబెట్టుకుని, కోత యంత్రం కొలత మార్చే సమయాన్ని తగ్గించుకుని, ఆర్డరు మేరకే కోయడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఇలాంటి చిన్న పరిశ్రమల కోసమే కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ 2023 మార్చిలో లీన్ పథకాన్ని కొత్త రూపంలో మొదలుపెట్టి, ప్రాథమిక, మధ్యమ, ఉన్నత అనే మూడు స్థాయిల్లో సలహాదారుల సాయం అందిస్తూ, ఆ ఖర్చులో 90 శాతం భరిస్తోంది.

సలహాదారు నిల్వను తగ్గించగలడు గాని రావలసిన బిల్లును రాబట్టలేడు. పెద్ద సంస్థ తన గోడౌనును ఖాళీ చేసుకుని గంట గంటకూ సరుకు పంపమన్నప్పుడు, ఆలస్యమైతే పడే జరిమానాకు భయపడిన చిన్న సరఫరాదారు గేటు బయట అద్దె షెడ్డులో పది రోజుల సరుకు పేర్చుకుంటే, నిల్వ చోటు మారిందే తప్ప తగ్గలేదు, పైగా పెద్దవాడికన్నా ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చేవాడి నెత్తికి మారింది. అదే సరఫరాదారుకు డబ్బు మూడు నాలుగు నెలలకు వస్తే భారం రెట్టింపవుతుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెప్పినా అది చాలాకాలం కాగితానికే పరిమితమైంది. ఆ గడువు దాటిన బకాయిని చెల్లించేదాకా కొనుగోలుదారు తన ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదన్న నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, అప్పటిదాకా సరుకు వేళను మాత్రమే నిమిషాల్లో లెక్కగట్టిన కొనుగోలు విభాగాలు చెల్లింపు వేళను కూడా రోజుల్లో లెక్కగట్టవలసి వస్తోంది.